పొటాష్ ఎవరి చేనుకు, దుమ్ము ఎవరి ఊపిరికి?

చిలకలూరిపేటలో ఏ ఎరువుల కొట్టుకు వెళ్లి పొటాష్ అడిగినా యాభై కిలోల కట్ట తెచ్చి ముందు పెడతారు. అందులోని ఎర్రటి పలుకు సముద్రం దాటి వచ్చిన సరుకు. కెనడా, రష్యా, బెలారస్, జోర్డాన్, ఇజ్రాయెల్ నుంచి ఓడల్లో దిగుతుంది. యూరియాలో ఎక్కువ భాగం మన ఫ్యాక్టరీల్లోనే తయారవుతుంది. డీఏపీ కొంతైనా ఇక్కడ చేస్తున్నారు. ఎంఓపీ అని పిలిచే ఈ పొటాష్‌కు మాత్రం దేశంలో నడుస్తున్న గని లేదు.

2022లో ఇది ఎంత ప్రమాదమో తెలిసొచ్చింది. ఆ ఫిబ్రవరిలో లిథువేనియా తన రైలు మార్గం మీదుగా బెలారస్ పొటాష్‌ను పోనివ్వటం ఆపేసింది. అదే నెల చివర రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. భారత కంపెనీలు ఆ ఏడాది టన్నుకు 590 డాలర్లు ఇస్తామని ఒప్పుకున్నాయి. మన దగ్గర కట్ట ధర 1,700 రూపాయలకు చేరింది. 2025 ఒప్పందంలో టన్ను ధర 349 డాలర్లకు దిగినా, కట్ట ధర ఆ లెక్కన దిగలేదు. కారణం ఢిల్లీలో ఉంది. 2010 నుంచి అమల్లో ఉన్న పోషక ఆధారిత సబ్సిడీ కింద 2022 ఖరీఫ్‌లో కిలో పొటాష్‌కు 25 రూపాయల 31 పైసలు ఇచ్చిన కేంద్రం, 2023-24 రబీ వచ్చేసరికి దాన్ని 2 రూపాయల 38 పైసలు చేసింది. కట్టకు లెక్కేస్తే 759 రూపాయల సబ్సిడీ 71 రూపాయలైంది. అంతర్జాతీయ ధర తగ్గిన లాభం ఖజానాకు పోయింది. చేలో ఎరువు చల్లేవాడికి అందింది చాలా తక్కువ.

ఈ నేపథ్యంలోనే "స్వదేశీ పొటాష్" మాట మొదలైంది. 2023 ఆగస్టులో గనుల చట్టాన్ని సవరించి పొటాష్‌ను, పొటాషియం ఉండే గ్లాకొనైట్ అనే ఖనిజాన్ని కీలక ఖనిజాల జాబితాలో చేర్చారు. వాటి వేలం అధికారం కేంద్రం చేతిలోకి వెళ్లింది. 2025 ఫిబ్రవరి 20న ఇంకో నోటిఫికేషన్ వచ్చింది. అప్పటిదాకా చిన్న తరహా ఖనిజాలుగా రాష్ట్రాల అదుపులో ఉన్న ఫెల్డ్‌స్పార్, అభ్రకం, పలుగురాయి, ముగ్గురాయిని ప్రధాన ఖనిజాలుగా మార్చారు. ఆ రాళ్లతో కలిసి లిథియం లాంటివి దొరుకుతాయన్నది చెప్పిన కారణం. పత్రికల్లో ఒక మూలన వచ్చిపోయిన ఈ వార్త దళిత, ఆదివాసీ సంఘాల మధ్య పెద్దగా చర్చకు రాలేదు. రావాల్సింది. ఎందుకంటే ఫెల్డ్‌స్పార్‌లో ఒక రకం, అభ్రకంలో ఒక రకం, రెండూ పొటాషియం ఉన్న రాళ్లే. ఆ రాళ్లు మన రాష్ట్రంలో నెల్లూరు అభ్రకం బెల్టులో, సైదాపురం, గూడూరు, పొదలకూరు వైపు ఉన్నాయి.

రాతిలో పొటాషియం ఉండటం వేరు, మొక్కకు అందటం వేరు. ఫెల్డ్‌స్పార్‌లో అది సిలికా, అల్యూమినియంల గూట్లో బిగుసుకుని ఉంటుంది. పొడి చేసి చేలో చల్లితే ఏళ్లు గడిచినా పెద్దగా కరగదు. అందుకే సున్నపురాయో కాల్షియం క్లోరైడో జిప్సమో కలిపి దాదాపు 900 డిగ్రీల దాకా కాల్చి, ఆ గూడు విడగొట్టి, తర్వాత నీటితో పొటాష్ లాగుతారు. భువనేశ్వర్‌లోని సీఎస్ఐఆర్ ప్రయోగశాల ఐఎంఎంటీ పరిశోధకులు ఫెల్డ్‌స్పార్ మీద, నెఫెలిన్ సైనైట్ మీద, చివరికి అభ్రకం తుక్కు మీద కూడా ఇలాంటి పద్ధతులు పరీక్షించి పత్రాలు ప్రచురించారు.

ఇక్కడికే మైక్రోవేవ్ వస్తుంది. బట్టీలో వేడి బయటి నుంచి లోపలికి మెల్లగా పాకుతుంది. మైక్రోవేవ్‌లో తరంగాలు పదార్థంలోకి దూరి లోపలి నుంచే వేడి పుట్టిస్తాయి. మన ఇళ్లలో అన్నం వేడి చేసే పెట్టెలో ఉండేది కూడా ఆ 2.45 గిగాహెర్ట్జ్ తరంగమే. గంటల పని నిమిషాల్లోకి తగ్గవచ్చు. రాతి రేణువులు లోలోపల పగుళ్లిచ్చి పొటాషియం తేలిగ్గా బయటికి రావచ్చు. అయితే రాళ్లన్నీ ఒకలా స్పందించవు. ఇనుము ఉన్న గ్లాకొనైట్ తరంగాన్ని బాగానే పీల్చుకుంటుంది. చల్లగా ఉన్న ఫెల్డ్‌స్పార్‌కు మాత్రం అది దాదాపు అద్దంలోంచి వెలుతురు పోయినట్టే. బొగ్గు పొడి లాంటిది కలిపితే తప్ప వేడెక్కదు. ఇదంతా ఇంకా ప్రయోగశాల దశ దాటలేదు.

పరిశోధన జరగనివ్వండి, దానికి నేను అడ్డం చెప్పను. కానీ "కరెంటుతో రాతిని కాల్చి చవక పొటాష్" అనే మాటను మాత్రం కాగితం మీద పెట్టి చూడాలి. ఒక టన్ను ఎంఓపీలో 600 కిలోల పొటాష్ ఉంటుంది. ఫెల్డ్‌స్పార్‌లో వాడుకోదగ్గది పది శాతం అనుకుంటే, అంత పొటాష్‌కు ఆరు టన్నుల రాయి కావాలి. అందులో అంతే బరువు సున్నపురాయి కలిపితే కాల్చాల్సింది పన్నెండు టన్నులు. దాన్ని 900 డిగ్రీలకు తేవడానికి సుమారు 3,000 యూనిట్లు, సున్నపురాయి విడిపోవడానికి మరో 3,000. ఒక్క యూనిట్ కూడా వృథా కాదని, రాతిలోని పొటాష్ మొత్తం చేతికొస్తుందని అనుకున్నా ఇది 6,000 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయల చొప్పున 42,000 రూపాయలు కరెంటుకే. 349 డాలర్ల దిగుమతి పొటాష్ టన్నుకు 30,000 రూపాయల దరిదాపు. వేడిని తిరిగి పట్టుకుని వాడితే ఈ అంకె తగ్గుతుంది, యంత్రంలో పోయే నష్టం కలిపితే పెరుగుతుంది. ఇది కేవలం చేతి లెక్క. ఇంజినీరింగ్ విద్యార్థులు కూర్చుని ఇంతకంటే మంచి లెక్క వేయొచ్చు, వేయాలి కూడా. ఆ లెక్కలో ఇంకో వరుస మరిచిపోవద్దు. ఒక టన్ను పొటాష్ ఎరువుకు ఎనిమిది, తొమ్మిది టన్నుల కాలిన పొడి మిగులుతుంది. దాన్ని ఎక్కడో ఒకచోట పోయాలి. మన ఊళ్లలో "ఎక్కడో ఒకచోట" అంటే ఏ వాడ పక్కనో విడిగా చెప్పక్కర్లేదు. కారంచేడులో 1985లో ఆరుగురు దళితుల హత్యకు దారితీసిన గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు మైల చేయటం దగ్గరే.

చరిత్రలో దీనికి ఒక పాఠం ఉంది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి పొటాష్ దాదాపు జర్మనీ గుత్తాధిపత్యం. యుద్ధంతో సరఫరా ఆగిపోయి అమెరికాలో ధర పది రెట్లు దాటింది. అక్కడి కంపెనీలు సముద్రపు నాచును కాల్చాయి, సిమెంటు బట్టీల దుమ్మును పట్టాయి, ఫెల్డ్‌స్పార్ నుంచి కూడా లాగబోయాయి. యుద్ధం ముగిసి జర్మన్ సరుకు తిరిగి రాగానే వాటిలో చాలా భాగం మూతపడ్డాయి. రాతి నుంచి పొటాష్ తీయటం కొత్త ఆలోచన కాదు. ధర పెరిగినప్పుడల్లా లేచి, తగ్గగానే పడుకునే ఆలోచన. లేచిన ప్రతిసారీ ప్రభుత్వ డబ్బు, భూమి దాని వెనక నడుస్తాయి. అది పడుకున్నాక గుంతలు మాత్రం మిగులుతాయి.

ఆ గుంతల సంగతి నెల్లూరు వైపు వాళ్లకు కొత్త కాదు. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం ఒకే రాతి పొరలో కలిసి వస్తాయి. ఫెల్డ్‌స్పార్ పొడి చేయాలంటే పలుగురాయి కూడా పొడి అవుతుంది. కంటికి కనిపించని ఆ సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కట్టడమే సిలికోసిస్. దానికి మందు లేదు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గటం చూసి క్షయ అనుకుని నెలల తరబడి టీబీ మాత్రలు మింగించటం దేశమంతా జరుగుతున్నదే. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2011లో దీని మీద పార్లమెంటుకు ప్రత్యేక నివేదిక ఇచ్చింది. రాజస్థాన్ 2019లో బాధితుల గుర్తింపు, పరిహారం, పింఛనుతో ఒక విధానం తెచ్చింది. ఫెల్డ్‌స్పార్ ఎక్కువగా తవ్వే రాష్ట్రాల్లో రాజస్థాన్‌తో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. విధానం విషయంలో మాత్రం మన ప్రభుత్వాలు రాజస్థాన్‌ను చూసి నేర్చుకున్న దాఖలా లేదు.

ఇంకో చిక్కు ఉంది. నెల్లూరు ప్రాంతంలో యానాదులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాళ్లు షెడ్యూల్డ్ తెగ. కానీ ఆ జిల్లా ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు. కాబట్టి 1997 సమతా తీర్పు గానీ, పీసా చట్టం ఇచ్చిన గ్రామసభ అధికారం గానీ వాళ్ల గుడిసెల దాకా రావు. విశాఖ మన్యంలో బాక్సైట్‌ను ఆపిన ఆయుధాలు సైదాపురంలో పనిచేయవు. దళితులకూ, యానాదులకూ అక్కడ ఉన్న భూమిలో చాలా భాగం ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి. దాన్ని అమ్మకూడదని 1977 చట్టం చెప్పింది. 2023లో ఆ చట్టాన్ని సవరించి ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు అమ్ముకునే హక్కు ఇచ్చారు. యాజమాన్య హక్కుగా దీన్ని ఆహ్వానించినవాళ్లు మన మధ్యా ఉన్నారు. వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. కానీ కింద రాయి ఉన్న ఎకరానికి ఆ హక్కు ఎవరికి లాభం తెస్తుందో ముందుగా ఊహించటం కష్టం కాదు. పొదలకూరు ప్రాంతంలో పలుగురాయి అక్రమ తవ్వకాల కేసులో 2025లో ఒక మాజీ మంత్రి అరెస్టు దాకా వెళ్లింది. చిన్న ఖనిజంగా ఉన్నప్పుడే అంత రాజకీయం నడిచిన రాయి అది. ఇప్పుడు దానికి ప్రధాన ఖనిజం హోదా వచ్చింది. లీజుల గడువు మంజూరైన నాటి నుంచి 50 ఏళ్లకు పెరిగింది.

పనిచోట రక్షణ వైపు చూస్తే, 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత ఫ్యాక్టరీల చట్టంలో కరెంటు వాడే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో ఇరవై మంది ఉండాలి. గనికి దూరంగా, రోడ్డు పక్కన, పదిహేను మందితో నడిచే రాతిపొడి మిల్లు ఈ సందులోంచి జారిపోతుంది. ప్రమాదకర పనుల్లో ఒక్క కార్మికుడున్నా కోడ్‌ను వర్తింపజేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఆ అధికారాన్ని సిలికా పొడి మిల్లుల మీద వాడమని అడగటం కార్మిక సంఘాల పనే అనుకుని మనం తప్పుకోకూడదు.

ఇక్కడ మనం గుర్తు చేసుకోవాల్సిన ఒక చట్టం ఉంది. అంబేద్కర్ జయంతులకు వందల ఉపన్యాసాలు విన్నాను, ఒక్కదానిలోనూ దీని ప్రస్తావన వినలేదు. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడు. ఆ పదవి చివరి నెలల్లో, 1946 ఏప్రిల్‌లో, అభ్రకం గనుల కార్మికుల సంక్షేమ నిధి బిల్లును ప్రవేశపెట్టింది ఆయనే. దాని తీరు చాలా సూటి. దేశం దాటి పోయే అభ్రకం మీద సుంకం వేస్తారు. ఆ సొమ్మును వేరే దేనికీ మళ్లించకుండా గని కార్మికుల వైద్యం, తాగునీరు, చదువు, ఇళ్లకు ఖర్చు పెడతారు. ఆ నిధిని ఎలా వాడాలో సలహా ఇచ్చే కమిటీల్లో యజమానుల ప్రతినిధులు ఎంతమందో కార్మికుల ప్రతినిధులు అంతమంది. అప్పట్లో అభ్రకం తవ్వే ముఖ్య ప్రాంతాల్లో నెల్లూరు ఒకటి. కలిచేడులో అభ్రకం కార్మికుల ఆసుపత్రి నడిచింది ఆ నిధితోనే. తర్వాత కాలంలో అభ్రకం గిరాకీ పడిపోయింది, ఇలాంటి సంక్షేమ సెస్సులను కేంద్రం రద్దు చేసింది.

దాని బదులు ఇప్పుడు జిల్లా ఖనిజ నిధి ఉందిగా అంటారు. 2015 సవరణతో వచ్చిన ఆ నిధికి గని యజమాని రాయల్టీలో పది శాతమో, పాత లీజైతే ముప్పై శాతమో కడతాడు. 2024 మార్గదర్శకాల ప్రకారం డెబ్బై శాతం తాగునీరు, వైద్యం, చదువు లాంటి ముఖ్య రంగాలకు పోవాలి. కాగితం మీద బాగుంది. కానీ ఈ నిధి గని ఉన్న ప్రాంతానికి చెందుతుంది, గని కార్మికుడికి కాదు. అధికారులు, ప్రజాప్రతినిధులు కూర్చునే పాలకమండలిలో సిలికోసిస్ వచ్చిన మనిషికి కుర్చీ ఉండదు. పని కోసం ఊరు మారిన కూలీ ఏ "ప్రభావిత గ్రామం" జాబితాలోకీ రాడు. 1946 నాటి చట్టం కార్మికుణ్ణి లెక్కలోకి తీసుకుంది. 2015 నాటి ఏర్పాటు గ్రామాన్ని తీసుకుంది. గ్రామం అన్నప్పుడు డబ్బు ముందు ఏ వీధికి చేరుతుందో అంబేద్కర్ రాజ్యాంగ సభలోనే చెప్పాడు కాబట్టి మళ్లీ వివరించను. ఫెల్డ్‌స్పార్, అభ్రకం ఇప్పుడు జాతీయ ప్రాధాన్యం ఉన్న ఖనిజాలైతే, టన్నుకు ఇంత అని కార్మిక నిధి కూడా తిరిగి రావాలి. పొటాష్ పరిశోధనకు డబ్బిచ్చే రోజునే దాన్ని అడగాలి. ప్లాంటు కట్టాక అడిగితే అభివృద్ధికి అడ్డం అంటారు.

ఇంతకీ ఆ పొటాష్ వచ్చి చేరాల్సిన చేను సంగతేంటి? నీటి వసతి ఉన్న మిరపకు ఎకరాకు 48 కిలోల పొటాష్ వేయమని వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సు. ఎంఓపీ రూపంలో 80 కిలోలు, 1,700 ధరన 2,720 రూపాయలు. మిరపకు ఎకరాకు లక్షల్లో పెట్టుబడి అయ్యే పేట, నాదెండ్ల, యడ్లపాడు ప్రాంతంలో ఇది చిన్న మొత్తం. పైగా మన నల్లరేగడి నేలల్లో పొటాష్ సహజంగానే ఎక్కువ. భూసార పరీక్ష చేయిస్తే చాలాచోట్ల ఆ వరుసలో "అధికం" అనే వస్తుంది. పక్కనే పొగాకు వేసేవాళ్లకు ఎంఓపీ పనికిరాదు, అందులోని క్లోరైడ్‌తో ఆకు సరిగా కాలదు. వాళ్లకు ఇంకా ఖరీదైన సల్ఫేట్ రకం కావాలి. కాబట్టి పొటాష్ చవకైతే కౌలు రైతు గట్టెక్కుతాడన్న మాట నేను నమ్మను. 2025 ఆరంభంలో మిరప ధర పడిపోయి, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల చొప్పున మార్కెట్ జోక్యం ప్రకటించాల్సి వచ్చింది. ఆ దెబ్బ ముందు కట్టకు వంద, రెండొందలు ఏ మూలకు?

దళిత కౌలుదారును ముంచుతున్నవి ముందుగా కట్టే కౌలు, కొట్టులో అరువు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల కార్డు ఇస్తానంది, కానీ దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందన్న భయం యజమానికి, అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుందన్న భయం రైతుకు. కార్డు లేకపోతే బ్యాంకు రుణం లేదు. 2025 ఆగస్టు 2న దర్శి మండలంలో మొదలుపెట్టిన అన్నదాత సుఖీభవ సాయం అందాలన్నా ముందు కౌలుదారుగా రికార్డులో ఉండాలి. ఎరువు కొట్టువాడే అప్పిస్తాడు, కాయలు ఎవరికి వేయాలో ఆ అప్పే నిర్ణయిస్తుంది. జనాభాలో ఆరో వంతు ఉన్న దళితుల చేతిలో దేశపు సాగుభూమి పదో వంతు కూడా లేదు. స్వదేశీ పొటాష్ వచ్చినా ఆ కట్ట వెళ్లేది అదే కొట్టుకు, రాసేది అదే ఖాతా పుస్తకంలో.

మైక్రోవేవ్ మన మైదానానికి నిజంగా వస్తే, రాతి కంటే ముందు పత్తికట్టె రూపంలో రావచ్చు. గాలి తగలకుండా మైక్రోవేవ్‌తో కట్టెను కాల్చి బయోచార్ అనే బొగ్గు చేస్తారు. దీని మీద ఐఐటీ మద్రాసులాంటి చోట్ల పరిశోధన నడుస్తోంది. రాతికి 900 డిగ్రీలు కావాలి, కట్టెకు దాదాపు 500 చాలు, కట్టెలోని పొటాషియం చాలావరకు బొగ్గులో నిలుస్తుంది. ఇదేమీ వింత కాదు. పొటాష్ అనే పేరే కుండలో కాచిన బూడిద నుంచి వచ్చింది. 1790లో అమెరికా ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు బూడిద నుంచి పొటాష్ తీసే పద్ధతికే. మన అవ్వలు పొయ్యి బూడిద పాదులకు వేసింది అందుకే. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. బూడిదకు క్షారం ఎక్కువ, ఇక్కడి నల్లరేగడి ముందే క్షారం వైపు ఒరిగిన నేల. నేల చూసి వేయాలి.

చిక్కు కట్టె ఎవరిదన్న దగ్గర వస్తుంది. పత్తి తీతలు అయ్యాక కట్టె పీకి మోపులు కట్టి ఇంటికి మోసుకొచ్చుకునేది ఎక్కువగా మాల, మాదిగ వాడల ఆడవాళ్లు. రైతుకు చేను ఖాళీ అవుతుంది, వీళ్లకు వానాకాలం దాకా వంటచెరకు. ఉజ్జ్వల సిలిండర్ ఇంట్లో ఉన్నా మళ్లీ నింపించే డబ్బు లేనప్పుడు పొయ్యిలోకి వెళ్లేది ఆ మోపే. ఇది ఏ రికార్డులోనూ లేని హక్కు, ఊరి వాడుకగా నడుస్తున్నది. ఇప్పటికే గులాబీరంగు పురుగు కట్టెలో దాక్కుంటుంది కాబట్టి ఇళ్ల దగ్గర నిల్వ పెట్టొద్దని వ్యవసాయాధికారులు చెబుతున్నారు. శాస్త్రపరంగా సరైన సలహానే. దానికి తోడు రేపు టన్నుకు ఇంత అని కట్టెకు ధర పలికితే, ఆ ధర భూయజమాని అడుగుతాడు, కౌలుదారు అడుగుతాడు. మోపు మోసిన మనిషి అడగటానికి కాగితమే ఉండదు. యూనిట్ పెట్టినవాళ్లు మాత్రం దాన్ని దళిత మహిళల ఉపాధిగా చూపించి 2013 సబ్ ప్లాన్ చట్టం నిధులకు దరఖాస్తు పెట్టుకుంటారు.

అందువల్ల అడగాల్సింది ఇప్పుడే అడగొచ్చు. పత్తికట్టె కొనే ఏ యూనిట్‌కు ప్రభుత్వ డబ్బు ఇచ్చినా, పీకి మోసేవాళ్లకు కూలి వేరుగా, కట్టె ధరలో వాటా వేరుగా ఒప్పందంలో రాయాలి. వాటాతో పాటు ఏడాది వంటకు సరిపడా గ్యాస్ ఖర్చు ఆ యూనిట్ భరించాలి. సబ్ ప్లాన్ నిధి వాడితే యూనిట్ యాజమాన్యం వాడ మహిళల సంఘం పేరనే ఉండాలి. పేట చుట్టుపక్కల కట్టె పీకేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. సరిగ్గా ఆ రోజుల్లోనే జనవరి 26 గ్రామసభ వస్తుంది. తీర్మానం పెట్టించడానికి ఏ ల్యాబు ఫలితం కోసమూ ఆగనక్కర్లేదు.